ఇక చదవనివారికే తక్కువ చదువా?

ఏటా ఆగస్టు నెల వచ్చేసరికి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అక్కా, మావాడు కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. ఎత్నిక్ స్టడీస్ అని ఏదో ఒకటి తప్పనిసరిగా తీసుకోవాలట. పెద్దగా వ్యాసాలు రాయనక్కర్లేకుండా ఆన్‌లైన్‌లో అయిపోయేది ఏదైనా ఉంటే చెప్పవా?" అని మొన్న అడిగిన ఆవిడ నాకు బాగా కావలసిన మనిషి. కమ్యూనిటీ కాలేజీ అంటే అమెరికాలో రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ. ఎత్నిక్ స్టడీస్ అంటే ఇక్కడి నల్లజాతి, ఆసియా, లాటిన్, ఆదివాసీ ప్రజల చరిత్రనూ అనుభవాలనూ చదవడం. కొడుకు రెండేళ్లు ఇక్కడ కంప్యూటర్ సైన్స్ చదివి, ఆ తరవాత యూనివర్సిటీకి మారాలన్నది వాళ్ల ఆలోచన. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. అలా అడిగినందుకు ఆవిడను తప్పుపట్టే హక్కు నాకు అసలే లేదు, ఎందుకంటే 2016లో ఒక కౌన్సెలర్ ఎదుట కూర్చుని నేనూ ఇదే అడిగాను.

తెనాలిలో బీకాం చదివి, పెళ్లయ్యాక కాలిఫోర్నియా వచ్చి, చాలా ఏళ్లు ఇంట్లోనే ఉన్నాను. 2015లో హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు ఇచ్చేది) మీద ఉన్నవారిలో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది. అందులో నేనూ ఒకదాన్ని. ఇక్కడి పన్నుల పద్ధతి, ఇక్కడి ఖాతాల పద్ధతి తెలియనిదే అకౌంటింగు ఉద్యోగం దొరకదని, బే ఏరియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం తరగతులకు చేరాను. కౌన్సెలర్ ఒక కాగితం నా ముందు పెట్టారు. ఒక పక్కన అకౌంటింగు కోర్సులు, రెండో పక్కన గళ్లు గళ్లుగా జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు, అంటే ఏ సబ్జెక్టు ఎంచుకున్నవారైనా చదవవలసిన సాధారణ విద్య. ఇంగ్లీషు రచన, సభలో మాట్లాడటం, ఒక ప్రకృతి శాస్త్రం, ఒక సామాజిక శాస్త్రం, ఒక కళ. బీకాంలో చదివిన ఇంగ్లీషును లెక్కలోకి తీసుకోమంటే ఆ కాలేజీ తీసుకోలేదు. రాళ్ల గురించి, ఉపన్యాసాల గురించి చదవడానికి కాదు నేను వచ్చింది, పిల్లను ఇంట్లో ఒకరి దగ్గర వదిలి వస్తున్నానని ఆ రోజు కోపంగానే అన్నాను. ఆ కోపాన్ని ఇప్పటికీ నేను కొట్టిపారెయ్యను. కానీ ఆ కాగితంలో రెండో పక్క గురించి నా అభిప్రాయం పూర్తిగా మారింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదట లెక్క తేల్చుకుందాం. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. వాటిలో అసోసియేట్ డిగ్రీ, అంటే రెండేళ్ల డిగ్రీ, 60 సెమిస్టర్ యూనిట్లు. యూనిట్ అంటే సుమారుగా సెమిస్టరంతా వారానికి ఒక గంట తరగతి. నేను చదివేనాటికి అందులో జనరల్ ఎడ్యుకేషన్ వాటా రాష్ట్రం మొత్తానికి కనీసం 18 యూనిట్లు. ఇప్పుడు ఎత్నిక్ స్టడీస్‌ కూడా కలిపి 21 చేశారు. ఇది ఆ డిగ్రీతో ఉద్యోగంలోకి వెళ్లేవారి సంగతి. యూనివర్సిటీకి మారదలచినవారికి వేరే జాబితా ఉంది. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు రెండు వ్యవస్థలు: యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ). ఒకప్పుడు రెండింటికీ చెల్లే జాబితా ఒకటి, కాల్ స్టేట్‌కు మాత్రమే చెల్లేది ఇంకొకటి ఉండి, ఏది ఎక్కడ చెల్లుతుందో తెలియక పిల్లలు అదనపు కోర్సులు చదివి నష్టపోయేవారు. 2021లో చేసిన ఒక చట్టం ఆ రెంటినీ కలిపి ఒకటే జాబితా చెయ్యమన్నది. కాల్-జీఈటీసీ అని పిలిచే ఆ కొత్త జాబితా 2025 ఆగస్టులో మొదలైన విద్యా సంవత్సరం నుంచి అమల్లో ఉంది. అందులో 11 కోర్సులు, 34 యూనిట్లు. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్ల ఫీజు 2012 నుంచి మారలేదు కాబట్టి, 21 యూనిట్లకు 966 డాలర్లు, 34 యూనిట్లకు 1,564 డాలర్లు అవుతుంది. పుస్తకాలు, పెట్రోలు, పని మానుకున్న గంటల ఖరీదు దీనికి అదనం.

ఈ అంకెల్లో ఒక సంగతి మనవాళ్లు గమనించరు. ఇంకా రెండేళ్లు యూనివర్సిటీలో చదవబోయేవారికి 34. ఇక్కడితో చదువు ఆపి పనిలోకి వెళ్లేవారికి 21. టెక్సస్‌లో ఈ తేడా మరీ పెద్దది. అక్కడ యూనివర్సిటీకి మారేవారి కోర్ కరికులమ్, అంటే జనరల్ ఎడ్యుకేషన్ జాబితా, 42 గంటలు (యూనిట్లను అక్కడ గంటలంటారు), ఉద్యోగం కోసం చదివే ఏఏఎస్ అనే రెండేళ్ల డిగ్రీకి కనీసం 15. ముందు ఇంకా భోజనాలు ఉన్నవాడికి పెద్ద విస్తరి, ఇదే ఆఖరి భోజనమైనవాడికి చిన్న విస్తరి వేసినట్టుగా ఉంది ఈ పద్ధతి. చరిత్రనో భూమి పుట్టుకనో సాక్ష్యాన్ని తూచే విధానాన్నో గురువు ఎదుట కూర్చుని నేర్చుకునే అవకాశం మళ్లీ జీవితంలో రానివారు ఎవరు? వెల్డింగ్ నేర్చుకునే కుర్రాడు, నర్సింగ్ చదివే ఇద్దరు పిల్లల తల్లి, నాలాగా లెక్కలు రాసుకునే గృహిణి. యూనివర్సిటీ విద్యార్థికి ఎలాగూ చుట్టూ గ్రంథాలయాలూ ఉపన్యాసాలూ ఉంటాయి. జనరల్ ఎడ్యుకేషన్ ఎవరికి ఎక్కువ అవసరం అని నన్ను అడిగితే, రెండేళ్ల కాలేజీతో చదువు ముగించేవారికే అంటాను.

ఈ కాలేజీలు పుట్టిన తీరులోనే ఈ తికమక ఉంది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఒక హైస్కూలుకు అనుబంధంగా, ఆరుగురు విద్యార్థులతో మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ మొదలైంది. చికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్, ఆ హైస్కూలు ప్రిన్సిపాల్ స్టాన్లీ బ్రౌన్ కలిసి వేసిన పథకం అది. యూనివర్సిటీలో మొదటి రెండేళ్ల చదువును ఊళ్లోనే చెప్పించాలన్నది వాళ్ల ఉద్దేశం. అంటే జనరల్ ఎడ్యుకేషన్ ఈ కాలేజీల్లోకి యూనివర్సిటీ చదువులో భాగంగా, అక్కడికి తీసుకుపోయే మెట్టుగా వచ్చింది. చేతిపని కోర్సులు పెరిగినది తరవాత. 1947లో ట్రూమన్ అధ్యక్షుడు నియమించిన కమిషన్ ఉన్నత విద్య మీద ఇచ్చిన నివేదికలో ఈ కాలేజీలను కమ్యూనిటీ కాలేజీలన్నది. పని నేర్పే చదువూ, పౌరుడిగా బతకడానికి కావలసిన సాధారణ విద్యా ఒకే చోట, ఒకే విద్యార్థికి అందాలని కోరింది. ఆ కోరిక ఇప్పటికీ సగమే నెరవేరింది. కౌన్సెలర్ల గదుల్లో జనరల్ ఎడ్యుకేషన్ గురించి నేను విన్న మాటల్లో ఎక్కువ భాగం "ఇది అక్కడ చెల్లుతుందా" అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

ఈ కోర్సులు వద్దనేవారి వాదనలో బలం లేకపోలేదు. రోజుకు పది గంటలు పని చేసి సాయంత్రం తరగతికి వచ్చే మనిషికి ఒక్క అదనపు కోర్సు అంటే ఒక సెమిస్టరు. ఒక సెమిస్టరు ఆలస్యమైతే ఈలోగా కారు చెడిపోవచ్చు, అమ్మకు జబ్బు చెయ్యవచ్చు, చదువు అక్కడితో ఆగిపోవచ్చు. ఈ వాదనకు అందరూ చూపించే ఉదాహరణ గణితం. 2009 నుంచి అసోసియేట్ డిగ్రీకి ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా తప్పనిసరి చేశారు. ప్రవేశ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవారిని అంతకు రెండు మూడు మెట్ల కింద, డిగ్రీలో లెక్కకు రాని కోర్సుల్లో కూర్చోబెట్టేవారు. వృద్ధుల ఆశ్రమంలో పనిచేసే ఒకావిడ నాతోపాటు ఇంగ్లీషు తరగతిలో ఉండేది. నర్సింగ్ ఆవిడ ఆశ. ఆల్జీబ్రాకు కింద మెట్టు కోర్సును మూడోసారి చదువుతూ, విరామంలో మెట్ల మీద కూర్చుని భిన్నాల లెక్కలు చేసుకునేది. నాలుగో సెమిస్టరులో ఆవిడ కనిపించలేదు.

ఆవిడను ఆపింది జనరల్ ఎడ్యుకేషన్ అని నేను ఒప్పుకోను. దాని గుమ్మం దాకా రానివ్వకుండా కింద కట్టిన మెట్లు ఆపాయి. ఈ తేడా చాలా ముఖ్యమైనది, ఎందుకంటే జబ్బు ఒకచోట ఉంటే కోత ఇంకోచోట పెడుతున్నారు. 2017లో వచ్చిన ఏబీ 705 చట్టం ఆ మెట్లను చాలావరకు తీసేసింది. హైస్కూలు మార్కులను చూసి నేరుగా యూనివర్సిటీ స్థాయి గణితంలోనో ఇంగ్లీషులోనో చేర్చుకుని, అవసరమైనవారికి పక్కనే అదనపు సహాయం ఇవ్వాలన్నది. అకౌంటింగు, నర్సింగ్, సామాజిక శాస్త్రాలు చదివేవారు ఆల్జీబ్రా బదులు స్టాటిస్టిక్స్ తీసుకునే దారి కూడా తెరుచుకుంది. నా మాట అడిగితే అది మంచి మార్పు. పత్రికలో వచ్చిన ఒక శాతాన్ని చూసి "ఎంతమందిని అడిగారు, ఎలా ఎంచుకున్నారు" అని ప్రశ్నించగలగడం, వర్గ సమీకరణాలను సాధించడం కంటే ఒక నర్సుకు ఎక్కువ పనికొస్తుంది. కోర్సును తీసెయ్యకుండానే అడ్డును తీసెయ్యవచ్చని ఇక్కడ రుజువైంది.

ఇక నా సంగతి. ప్రకృతి శాస్త్రం గడిలో నేను జియాలజీ తీసుకున్నాను. ఇష్టపడి తీసుకున్నది కాదు, నాకు వీలైన వేళకు అదొక్కటే దొరికింది. రెండో వారం ల్యాబులో ఒక్కొక్కరికీ ఒక పళ్లెంలో పది రాళ్లు, ఒక గాజు పలక, ఒక మేకు, గరుకు పింగాణీ బిళ్ల, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న చుక్కల సీసా ఇచ్చారు. గాజును గీస్తుందా, మేకుతో గీత పడుతుందా, పింగాణీ మీద రుద్దితే ఏ రంగు వస్తుంది, ఇవన్నీ చూసి రాసుకోవాలి. నా పళ్లెంలో నల్లటి రాయి ఒకటి ఉంది. దాని మీద ఆమ్లం చుక్క వేస్తే సన్నగా బుసబుసమని పొంగింది. సున్నపురాయి. నల్ల సున్నపురాయి అనగానే తెనాలిలో మా వంటింటి అరుగు మీద పరిచిన కడప బండ గుర్తుకు వచ్చింది. దాని మీద నిమ్మకాయలు కోసి, రసం తుడవకుండా వదిలేసినందుకు తెల్లటి మచ్చలు పడ్డాయి. అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. ఎంత తోమినా ఆ మచ్చలు పోలేదు. కడప బండ సున్నపురాయేనని, నిమ్మరసంలోని ఆమ్లం రాతినే తినేసిందని, అందుకే తోమితే పోదని నాకు ముప్పై అయిదేళ్లు దాటాక, మరో ఖండంలో, రాత్రి ఎనిమిది గంటలకు తెలిసింది.

ఇందులో నన్ను బాధపెట్టిన విషయం వేరే ఉంది. పదో తరగతి అయ్యాక, పదిహేనేళ్ల వయసులో, నన్ను సీఈసీలో చేర్చారు. ఆ రోజుతో నాకు సైన్సు తలుపు మూసుకుపోయింది. ఎంపీసీలో చేరిన మా అన్నయ్యకు చరిత్ర తలుపు, బైపీసీలో చేరిన మా పిన్ని కూతురికి గణితం తలుపు అదే విధంగా మూసుకుపోయాయి. మన రెండు రాష్ట్రాల్లో లక్షలాది పిల్లలు ఇప్పటికీ అదే వయసులో అదే పని చేస్తున్నారు. అందుకే జనరల్ ఎడ్యుకేషన్ అనగానే మనవాళ్లకు అది "గ్రూపుతో సంబంధం లేని సబ్జెక్టు"లా కనిపిస్తుంది. గ్రూపు అనే మాట మన మనసుల్లో అంత లోతుగా నాటుకుపోయింది.

అదే జియాలజీ తరగతి ఒక శనివారం హేవర్డ్ ఊరికి వెళ్లింది. ఆ ఊరి కిందుగా పోయే భూ పగులు 1868 అక్టోబరు 21న పెద్ద భూకంపం తెచ్చింది. ఇప్పటికీ ఏడాదికి దాదాపు 5 మిల్లీమీటర్ల చొప్పున నెమ్మదిగా జరుగుతూనే ఉంది. ఒకప్పుడు తిన్నగా పోసిన కాలిబాట అంచులు ఆ గీత దగ్గరకు వచ్చేసరికి వంకర తిరిగి పక్కకు జరిగి ఉన్నాయి. మా తరగతిలో గొట్టాలు వేసే పని చేసే ఒకతను ఉండేవాడు. అంతవరకు వెనక బల్ల మీద నిశ్శబ్దంగా కూర్చునే మనిషి, ఆ వంకర చూసి కింద చతికిలబడి వేళ్లతో కొలిచాడు. ఒకే వీధిలో, ఒకే చోట తాను రెండుసార్లు నీటి గొట్టం బాగు చేశానని, మొదటిసారి అతికినవాడి పని బాగాలేదనుకున్నానని చెప్పాడు. ఆ మాట మీద మా టీచరు, శాన్ ఫ్రాన్సిస్కోకు నీళ్లు తెచ్చే హెట్చ్ హెట్చీ గొట్టాలు ఫ్రీమాంట్ దగ్గర ఈ పగులునే దాటుతాయని, భూమి జరిగినా తెగకుండా వాటిని ఎలా మార్చి కట్టారో వివరించారు. అతను అడిగిన ప్రశ్నలు ఆ సెమిస్టరులో మేమెవ్వరం అడగలేదు. చేతిపని చేసేవాడికి ఈ చదువెందుకు అనేవారు ఆ శనివారం అక్కడ ఉండవలసింది.

ఎవరి పనికి తగ్గట్టు వారికి జనరల్ ఎడ్యుకేషన్ మలచాలని, వెల్డర్లకు వెల్డింగ్ గణితం, వంటవారికి వంటింటి రసాయనశాస్త్రం చాలని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆ గొట్టాల మనిషికి "గొట్టాల పనివారి భూగర్భశాస్త్రం" అని ఎవరైనా వేరే కోర్సు పెట్టి ఉంటే, పగులు ఎక్కడుందో ఒక పటం చూపించి వదిలేసేవారు. అతను ఆ సంబంధాన్ని తనంతట తాను పట్టుకున్నాడు. పూర్తి శాస్త్రాన్ని ఎదురుగా పెట్టారు కాబట్టి పట్టుకోగలిగాడు.

సభలో మాట్లాడే కోర్సు గురించి ఎక్కువ రాయను. తెనాలిలో మూడేళ్ల డిగ్రీలో నేను తరగతిలో లేచి నిలబడి మాట్లాడిన మాటలు "ప్రెజెంట్ సార్", "ఎస్ సార్" తప్ప మరొకటి లేవు. ఇక్కడ, రాత్రి తరగతి ముగియకముందే చివరి బస్సు వెళ్లిపోతోందన్న విషయం మీద అయిదు నిమిషాలు మాట్లాడాను. మాట్లాడే ముందు బస్సు వేళల పట్టిక తెచ్చి చూపించాలని, రవాణా సంస్థకు ఫోన్ చేసి వాళ్ల వైపు కారణం కూడా కనుక్కోవాలని టీచరు పట్టుబట్టారు. ఫిర్యాదుకూ వాదనకూ మధ్య ఉన్న దూరం నాకు అక్కడే తెలిసింది.

మళ్లీ నాకు ఫోన్ చేసినావిడ ప్రశ్నకు వస్తాను. ఎత్నిక్ స్టడీస్ ఎందుకు? 1968 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులూ, ఆసియా, లాటిన్ మూలాల విద్యార్థులూ కలిసి సమ్మెకు దిగారు. దాదాపు అయిదు నెలలు సాగిన ఆ సమ్మె ఫలితంగా 1969లో అక్కడ ఈ శాస్త్రానికి ఒక కాలేజీ ఏర్పడింది. 2020లో చేసిన చట్టంతో కాల్ స్టేట్ విద్యార్థులందరికీ ఇది తప్పనిసరి అయింది, ఆ వెనకనే కమ్యూనిటీ కాలేజీలకూ వచ్చింది. ఇదంతా ఇతరుల గొడవ అని మనవాళ్లు అనుకుంటారు. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి కూడా, భారతీయుడు తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పౌరసత్వానికి అర్హత లేనివారు వ్యవసాయ భూమి కొనరాదని కాలిఫోర్నియా 1913లోనే చట్టం చేసి ఉంది. బర్క్‌లీలో గణితంలో డాక్టరేట్ చేసిన దలీప్ సింగ్ సౌంద్, ఇంపీరియల్ లోయలో వ్యవసాయం చేసుకుని బతికాడు. 1946లో చట్టం మారాక పౌరుడయ్యాడు, 1956లో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు. ఆ 1946 చట్టం కూడా మన దేశానికి ఇచ్చిన వాటా ఏడాదికి 100 మంది. జాతీయ మూలాన్ని బట్టి పెట్టిన ఆ పాత వాటాలను ఎత్తివేసిన 1965 చట్టం, నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం సాగుతున్న రోజుల్లో, ఆ ఊపులో వచ్చింది. మన కుటుంబాలు ఇక్కడికి రావడానికి తెరిచిన తలుపు అదే. ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగిన పిల్లవాడు ఈ ఒక్క విషయం తెలుసుకోవడానికైనా ఒక సెమిస్టరు తరగతిలో కూర్చోవడం అన్యాయం కాదని నా నమ్మకం.

అయితే ఇదంతా చెప్పాక, ఈ కోర్సులు నడుస్తున్న తీరును నేను సమర్థించలేను. ఎనిమిది వారాల్లో ఆన్‌లైన్‌లో చుట్టబెట్టే సెక్షన్లు పెరుగుతున్నాయి. వారానికి ఒక పోస్టు, ఇద్దరి పోస్టులకు జవాబు, చివర నాలుగు ఐచ్ఛికాల పరీక్ష. ఆ పోస్టులు ఎవరు రాస్తున్నారో, యంత్రం రాస్తోందో కూడా తెలియదు. ఈ కోర్సులను ఎక్కువగా చెప్పేది పార్ట్‌టైమ్ టీచర్లు. ఉదయం ఒక కాలేజీ, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఇంకొకటి అని తిరిగే వీరిని ఇక్కడ ఫ్రీవే ఫ్లయర్లంటారు. మా జియాలజీ టీచరు కూడా అలాంటివారే. రాళ్ల పెట్టెలు ఆయన కారు డిక్కీలోనే ఉండేవి. రాష్ట్రం జాబితాలో గళ్లను జాగ్రత్తగా లెక్కపెడుతుంది. ఆ గడి లోపల ఏం జరుగుతోందో చూడటానికి అంత శ్రద్ధ పెట్టదు. 34 యూనిట్లని వాదించుకుంటున్న పెద్దలు, ఆ 34లో ఎన్ని గంటలు విద్యార్థి ఒక మనిషి ఎదుట కూర్చుని ప్రశ్న అడిగాడో కూడా లెక్కపెట్టాలి. కనీసం ల్యాబు, రచన, సభలో మాట్లాడటం, ఈ మూడూ తరగతి గదిలో, పనిచేసేవారికి వీలైన సాయంత్రం వేళల్లో ఉండాలి. అకౌంటింగులోనో నర్సింగులోనో చదువు ముగించేవారి నుంచి ఈ 21 యూనిట్లలో ఒక్కటి కూడా ఇకపై తగ్గించకూడదు.

ఆవిడకు ఫోన్‌లో ఇంత చెప్పలేదు. ఆసియన్ అమెరికన్ చరిత్ర కోర్సు ఒకటి మంగళ, గురువారాల్లో ఉదయం తరగతి గదిలోనే ఉందని, మూడు వ్యాసాలు రాయాలని, టీచరు మంచివారని మాత్రం చెప్పాను. "మూడా, అక్కా?" అని ఆవిడ కాసేపు ఆగింది. మూడేనని, రాసినవాటిని వాడు నీకు చదివి వినిపిస్తే బాగుంటుందని అన్నాను.

నేను చదివిన కాలేజీలో ఈ సెమిస్టరు సాయంత్రం జియాలజీ ల్యాబు లేదు. చేరేవారు తక్కువగా ఉన్నారని ఎత్తేశారట. వచ్చే నెల ట్రస్టీల బోర్డు సమావేశం ఉంది. వచ్చిన పౌరులకు తలా మూడు నిమిషాలు ఇస్తారు. నేను వెళుతున్నాను. పాత షెడ్యూళ్లు తిరగేసి, ఆ సెక్షన్‌ను ఏ వేళకు మార్చాక విద్యార్థులు తగ్గారో రాసి పెట్టుకున్నాను. ఎందుకు మార్చారో కూడా డీన్ కార్యాలయానికి ఫోన్ చేసి అడిగాను.